తుండుగుడ్డ కింద ఖజానా

పశువుల సంతలో పాతకాలపు బేరం చూసినవాడికి రాజ్యాంగం ఎవరూ ప్రత్యేకం నేర్పక్కర్లేదు. మా కోటబొమ్మాళి మండలంలో నారాయణవలస సంత ఉంది. అమ్మేవాడు ఓ పక్క, కొనేవాడు ఓ పక్క, మధ్యన దళారి. భుజమ్మీది తుండుగుడ్డ దింపి చేతుల మీద కప్పుతారు. ఆపైన నోళ్లు మూతపడతాయి, వేళ్లు మాట్లాడతాయి. చుట్టూ మూగిన జనానికి బేరం సాగుతోందని తెలుసు, ఎంత దగ్గర ఆగిందో తెలీదు. ఎద్దుకి ఆ మాత్రమూ తెలీదు, దాని మానాన అది గడ్డి నములుతూ ఉంటుంది. బేరం కుదిరిందా, ఆశీలు చీటీల పుస్తకం పట్టుకున్నవాడు పక్కనే ప్రత్యక్షం.

రాజ్‌భవన్‌కీ శాసనసభకీ మధ్య డబ్బు బిల్లుల మీద నడిచే బేరసారాలు ఇంతకంటే గొప్పవేం కావు. తుండుగుడ్డ బదులు రాజ్యాంగ మర్యాద అనే పట్టుశాలువా కప్పుతారు, అంతే తేడా. ఇందులో ఎద్దు ఎవరో మీరీపాటికి పోల్చుకునే ఉంటారు.

2023 జనవరి 30, తెలంగాణ హైకోర్టు. బడ్జెట్ సభలో పెట్టుకోవడానికి గవర్నర్ తమిళిసై సౌందరరాజన్ అనుమతి ఇవ్వడం లేదు, ఇప్పించండి మహాప్రభో అంటూ సాక్షాత్తూ రాష్ట్ర ప్రభుత్వమే కోర్టు మెట్లెక్కింది. గవర్నరు సిఫారసు లేనిదే డబ్బు బిల్లు సభ గడప తొక్కకూడదని 207వ అధికరణ. ఏప్రిల్ 1 తరుముకొస్తోంది. కేసీఆర్ ప్రభుత్వానికి కాళ్ల కింద నేల వేడెక్కింది. ఇంతకీ గవర్నరమ్మ అభ్యంతరం ఏమిటి? పన్నులు ఎక్కువయ్యాయనా? అప్పులు పెరిగిపోయాయనా? ఆసుపత్రులకి కేటాయింపు చాల్లేదనా? అబ్బే. రాజ్‌భవన్ అడిగింది ఒకటే ముక్క: నా ప్రసంగం ఉందా, లేదా?

అంతకుముందు ఏడు ప్రభుత్వం ఒక తెలివి చేసింది. పాత సమావేశాలు లాంఛనంగా ముగియలేదు కనుక ఇవి కొత్తవి కావు, కొత్తవి కావు కనుక గవర్నరు ప్రసంగం అక్కర్లేదు అని తేల్చి, ఆవిడని పిలవకుండానే 2022 బడ్జెట్ కానిచ్చేసింది. ఆ పరాభవాన్ని రాజ్‌భవన్ ఏడాదిపాటు జాగ్రత్తగా దాచుకుంది, సరిగ్గా బడ్జెట్ కాగితం చేతికి అందిన రోజున బయటికి తీసింది.

ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్ ధర్మాసనం, ఇందులో కోర్టు తలదూర్చడం ఎందుకు, మీలో మీరు మాట్లాడుకోరాదా అంది. ప్రభుత్వం తరఫున దుష్యంత్ దవే, రాజ్‌భవన్ తరఫున అశోక్ ఆనంద్ కుమార్. భోజన విరామం. అదిగో, తుండుగుడ్డ పడింది. తిరిగొచ్చేసరికి బేరం ఖాయం. ప్రభుత్వం ప్రసంగానికి పిలుస్తుంది, గవర్నరు బడ్జెట్‌కి అనుమతిస్తారు, పిటిషన్ వెనక్కి. ఫిబ్రవరి 3న ప్రసంగం చదివారు, 6న ఆర్థిక మంత్రి హరీశ్ రావు బడ్జెట్ చదివారు. మొత్తం 2,90,396 కోట్ల రూపాయలు.

ఒక్క ప్రసంగం ఇస్తే మూడు లక్షల కోట్లకి తాళం తీశారన్నమాట. పైగా ఆ ప్రసంగం గవర్నరు రాసుకునేదీ కాదు. మంత్రివర్గం రాసిస్తుంది. ‘నా ప్రభుత్వం’ అంటూ, తనని పిలవని ప్రభుత్వాన్నే వరసపెట్టి పొగడాలి. ఎవరో రాసిన పొగడ్తని చదివే హక్కు కోసం ఒకరూ, తమ పొగడ్తని తామే చదవనివ్వకుండా ఆపే హక్కు కోసం ఇంకొకరూ హైకోర్టు దాకా వెళ్లడం ప్రపంచ చరిత్రలో అరుదు. బయటికి చెప్పిన ఒప్పందంలో ప్రసంగం ఉంది, అనుమతి ఉంది, మర్యాద ఉంది. పన్ను అన్న మాట లేదు.

గవర్నర్లు బిల్లులు తొక్కిపెడతారని అందరూ ఆడిపోసుకుంటారు. అది సగం నిజం. 2022 సెప్టెంబరులో అదే సభ ఎనిమిది బిల్లులు ఆమోదించి రాజ్‌భవన్‌కి పంపింది. విశ్వవిద్యాలయాల నియామకాల బోర్డు, అటవీ విశ్వవిద్యాలయం, పురపాలక చట్టాలు, మోటారు వాహనాల పన్ను, ఇలా రకరకాలు. ఏడు అటకెక్కాయి. సంతకం పడింది ఒక్కదానికే, జీఎస్టీ సవరణ బిల్లుకి. మిగతావాటి మీద ఎక్కడలేని సందేహాలూ వచ్చిన కలానికి ఇక్కడ మాత్రం సిరా ధారాళంగా పారింది. మోటారు పన్ను కూడా పన్నే కదా, అదెందుకు ఆగింది అంటారా? అది రాష్ట్రం సొంతంగా కన్న బిడ్డ. జీఎస్టీ సవరణ అంటే ఢిల్లీ ఫైనాన్స్ యాక్టులో మార్చిన ముక్కల్ని రాష్ట్రాలు తమ చట్టంలో దింపుకోవడం. సభలో చేతులెత్తినవాళ్లూ, రాజ్‌భవన్‌లో సంతకం చేసినవారూ కలిసి కాపీ రాసినట్టే. కాపీ రాసేవాళ్ల మధ్య తగువెందుకుంటుంది?

తక్కిన బిల్లుల కోసం ప్రభుత్వం 2023 మార్చిలో సుప్రీంకోర్టుకి పోయింది. కేసు విచారణకి వచ్చే వేళకి, ఏప్రిల్‌లో, మోటారు పన్ను బిల్లు హఠాత్తుగా దోషరహితం అయిపోయింది. ఆర్నెల్లు అందులో ఏం వెతికారో, ఏం దొరికిందో!

తెలంగాణ గొడవ మనకెందుకు, మనది ఆంధ్రా గదా అంటారు మావాళ్లు. సరే, ఇటు రండి.

2020, కరోనా కాలం. మార్చిలో సభ కూడే వీల్లేక మూడు నెలల ఖర్చుకి గవర్నర్ బిశ్వభూషణ్ హరిచందన్ ఒక ఆర్డినెన్సు మీద సంతకం పెట్టారు. అది జూన్ 30తో సరి. జూన్ 16న ఆయన రాజ్‌భవన్‌లోనే కూర్చుని వీడియోలో ఉభయ సభలకీ ప్రసంగించారు. ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ 2,24,789 కోట్ల బడ్జెట్ పెట్టారు. మొత్తం సమావేశాలు రెండు రోజులు. కోటి రూపాయల పంచాయతీ పనికి కూడా మా ఊళ్లో ఇంతకంటే ఎక్కువసేపు మాట్లాడుకుంటారు.

శాసనసభలో అధికార పక్షానికి 151 మంది కనుక అక్కడ చిక్కు లేదు. శాసనమండలిలో మాత్రం తెలుగుదేశానికి బలం. జూన్ 17న అక్కడ తేలాల్సింది: ద్రవ్య వినిమయ బిల్లు ముందా, మూడు రాజధానుల బిల్లులు ముందా? ఏ కాగితం ముందు తియ్యాలన్న దాని మీద అరుపులు, తోపులాట, చివరికి మండలి నిరవధిక వాయిదా. ఖజానా తాళంచెవి సభలోనే పడేసి పెద్దలంతా కార్లెక్కి వెళ్లిపోయారు.

ఆ రెండు రోజులూ మా టెక్కలి కుర్చీ ఖాళీ. ఎమ్మెల్యే అచ్చెన్నాయుడు గారిది మా మండలంలోని నిమ్మాడే. ఈఎస్ఐ కొనుగోళ్ల ఆరోపణల మీద జూన్ 12న ఏసీబీ వాళ్లు ఊళ్లోకి దిగి ఆయన్ని పట్టుకుపోయారు. ఆరోపణ సంగతి కోర్టులు చూసుకుంటాయి, నా పని కాదు. ఆ ఏటి పన్నుల మీదా ఖర్చుల మీదా కోటబొమ్మాళి తరఫున ఒక్క ప్రశ్న వెయ్యడానికి సభలో మనిషి లేడన్నది మాత్రం జరిగిన సంగతి. ఉన్నా వెయ్యనిచ్చేవారా అంటే, అదీ నిజమే.

డబ్బు బిల్లుని మండలి చంపలేదు, 14 రోజులు గదిలో పెట్టి తాళం వెయ్యగలదు. 198వ అధికరణ ఇచ్చిన ముచ్చట అది. లెక్క చూసుకోండి. ఆర్డినెన్సు గడువు జూన్ 30న చచ్చింది. కొత్త బిల్లుకి ప్రాణం రాలేదు. జూలై ఒకటో తారీఖు తెల్లారింది, జీతాలు పడలేదు. వైరస్ వార్డులో డ్యూటీ చేసిన నర్సు, చెక్‌పోస్టులో నిలబడ్డ కానిస్టేబులు, పింఛను మీద బతికే రిటైరు మాస్టారు, అందరూ ఫోన్లు చూసుకుంటూ కూర్చున్నారు. పద్నాలుగు రోజుల నోము తీరి, గవర్నరు సంతకం పడ్డాకే ఖజానా కదిలింది. ఎవరూ రాజీనామా చెయ్యలేదు, ఎవరూ క్షమాపణ అడగలేదు. తప్పు నీదంటే నీదని రెండు పక్షాలూ విలేఖరుల సమావేశాలు పెట్టి, ఎవరి భోజనానికి వాళ్లు వెళ్లారు.

ఏ రాజధానుల బిల్లుల కోసం ఇంత రభస జరిగిందో వాటికి జూలై 31న గవర్నరు ఆమోదం దొరికింది. మరుసటి ఏడాది నవంబరులో తెచ్చిన ప్రభుత్వమే వాటిని వెనక్కి తీసుకుంది. అంతకుముందే, ఆ బిల్లులకి అడ్డం పడిందన్న కోపంతో మండలినే రద్దు చెయ్యాలని 2020 జనవరి 27న తీర్మానించారు. ఎన్టీఆర్ 1985లో అలాగే రద్దు చేయించారు, 2007లో తిరిగొచ్చింది. ఈసారి అంత శ్రమ లేకపోయింది. మండలిలో బలం తమవైపు తిరగ్గానే, 2021 నవంబరులో, ఆ తీర్మానాన్ని కూడా వెనక్కి తీసుకున్నారు. పెద్దల సభ పనికిరానిది ఎప్పుడయ్యా అంటే, అందులో మనవాళ్లు తక్కువైనప్పుడు.

ఎన్టీఆర్ అంటే గుర్తొచ్చింది. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ని గద్దె దించారు, జనం నెల రోజుల్లో తిరిగి ఎక్కించారు. పదేళ్ల తరవాత, 1994లో, మా టెక్కలి కూడా ఆయన్ని గెలిపించింది. హిందూపురం అట్టేపెట్టుకుని మమ్మల్ని వదిలేశారు, ఆ బాధ వేరు. గవర్నరు అంటే ఎవరో ఈ తీరానికి తెలీదని మాత్రం ఎవరూ అనుకోవద్దు.

2020 కథంతా సంతలో తలపండిన దళారి ఒకాయనకి చెప్పాను. చుట్ట వెలిగించుకుని చివరిదాకా విన్నాడు.

“అయితే బాబూ, ఆల తగువు మన పన్ను మీద కాదేటి?”

“కాదు తాతా.”

“మరి దేని మీద?”

“ఏ కాయితం ముందు, ఏ కాయితం ఎనక అన్నదాని మీద.”

“మరి పన్ను కాయితానికి ఎవుడు ఒప్పుకున్నాడు?”

“అందరూనూ.”

పొగ వదిలి, “మా బేరంలో దళారీ సొమ్ము ఎంతో ముందే సెప్పేస్తాం బాబూ. ఆలు సెప్పరేటి?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు, టీ డబ్బులు నేనే ఇచ్చాను.

అందరూ ఒప్పుకున్న పన్ను ఎలా ఉంటుందో చూడాలంటే మా పక్క పలాస-కాశీబుగ్గ పురపాలక సంఘానికి రండి. 2020 మే నెలలో కేంద్రం రాష్ట్రాలకి అదనపు అప్పు ఇస్తానంది, షరతులతో. ఇళ్ల పన్నుని రిజిస్ట్రేషన్ విలువతో ముడిపెట్టడం అందులో ఒకటి. అలా చేసిన రాష్ట్రానికి స్థూల ఉత్పత్తిలో పావు శాతం మేర ఎక్కువ అప్పు తీసుకునే భాగ్యం. ఆ ఏడాది చివరికల్లా మన సభ పురపాలక చట్టాలు సవరించేసింది. అద్దె విలువ పోయి ఆస్తి విలువ వచ్చింది. భయపడకండి, ఏడాదికి 15 శాతానికి మించి పెంచం అన్నారు. ఏటా 15 చొప్పున వేసుకుంటూ పోతే అయిదేళ్లకి రెట్టింపు దాటుతుంది. ఇంత కథలో గవర్నరుకి ఒక్క సందేహం రాలేదు, లేఖ రాయలేదు, వివరణ అడగలేదు. ఢిల్లీ చెప్పిన పన్ను, విజయవాడ వేసిన పన్ను, రాజ్‌భవన్ ఒప్పిన పన్ను. ముగ్గురికీ ఇంత సఖ్యత ఇంకే విషయంలోనూ చూడలేదు నేను.

చెత్త పన్ను ముచ్చట ఒక వాక్యంలో చెప్పేస్తా. 2021 గాంధీ జయంతి నాడు మొదలెట్టిన క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) కార్యక్రమంతో వచ్చింది, 2024 గాంధీ జయంతి నాడు మచిలీపట్నంలో చంద్రబాబు రద్దంటే పోయింది, మధ్యలో మూడేళ్లు మహాత్ముడి పేరు మీద చీపురుకి రుసుము కట్టాం.

ఇక జీడి. ఉద్దానం రైతు దగ్గర గింజ కొన్న రిజిస్టరు వ్యాపారి రైతు తరఫున 5 శాతం జీఎస్టీ తానే కట్టి తరవాత సర్దుకోవాలి. ఈ 5 ఎవరు పెట్టారు? వెలగపూడిలోని మన శాసనసభలో దీని మీద చర్చ ఉండదు. 2017 మే 16న ఒక ప్రత్యేక సమావేశం పెట్టి, జీఎస్టీ బిల్లుకి జై కొట్టి, పన్ను రేటు మీద మాట్లాడే పనిని సభ జీఎస్టీ కౌన్సిల్‌కి అప్పగించి చేతులు దులుపుకుంది. ఆ కౌన్సిల్లో ఓట్ల బరువు మూడో వంతు కేంద్రానిది, ఏ తీర్మానానికైనా ముప్పావు వంతు కావాలి. అంటే దేశంలోని రాష్ట్రాలన్నీ కలిసినా కేంద్రం కాదంటే కాదు. ఇంత పెద్ద బేరం చేజారినప్పుడు ఏ శాసనసభ్యుడూ కోర్టు మెట్లెక్కలేదు, ఏ గవర్నరుకీ రాష్ట్ర హక్కులు గుర్తురాలేదు. మడపాం, లక్ష్మీపురం టోల్‌గేట్ల గురించి నేనసలు ఎత్తను. అవి ఏ సభకీ జవాబు చెప్పే రకం కావు.

ఇది కొత్త జబ్బు అనుకునేవాళ్లు మద్రాసు రోజులకి పోవాలి. 1937లో కాంగ్రెసు గెలిచింది కానీ గవర్నరు తన ప్రత్యేకాధికారాలు వాడనని మాటిస్తేగాని పదవులెక్కం అని భీష్మించింది. ఏప్రిల్ నుంచి జూలై దాకా బేరం. ఈలోగా గవర్నర్ ఎర్స్‌కిన్, మన తెలుగాయన కూర్మా వెంకటరెడ్డి నాయుడి చేత తాత్కాలిక మంత్రివర్గం నడిపించారు. చివరికి రాజాజీ గద్దెనెక్కారు. మద్యనిషేధం పెట్టి, పోయిన ఆదాయానికి బదులుగా అమ్మకపు పన్ను కనిపెట్టారు. ఆ పన్ను 1939 అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది. అదే నెలాఖరుకి, ప్రపంచ యుద్ధంలోకి మమ్మల్ని అడక్కుండా దింపారని కాంగ్రెసు మంత్రివర్గం రాజీనామా చేసింది. పాలన మొత్తం గవర్నరు చేతికి పోయింది. యుద్ధకాలంలో దొరతనం మద్యనిషేధాన్ని పక్కన పెట్టింది. దాని కోసం పుట్టిన పన్నుని పెట్టలేదు. మంత్రులు పోయారు, నిషేధం పోయింది, పన్ను మిగిలింది. ఈ తీరం అప్పట్లో మద్రాసు కిందే ఉంది కాబట్టి, మా తాతలు కల్లు తాగడానికీ పన్ను కట్టారు, మానెయ్యడానికీ పన్ను కట్టారు.

పోనీ పన్ను మీదే పోట్లాడుకునే గవర్నర్లు లోకంలో లేరా అంటే, ఉన్నారు. మనవాళ్లు ఎడిసన్‌లో వీధుల కొద్దీ ఉన్నారే, ఆ న్యూజెర్సీలో. 2006లో గవర్నర్ జాన్ కార్జైన్ అమ్మకపు పన్ను 6 నుంచి 7 శాతం చేస్తానన్నాడు, సొంత పార్టీ శాసనసభ్యులే ససేమిరా అన్నారు. జూలై 1 నుంచి వారం పాటు సర్కారు ఆఫీసులు మూత. తనిఖీ అధికారులు లేక అట్లాంటిక్ సిటీ జూదశాలలకి కూడా తాళాలు పడ్డాయి, ఆ తరవాత రాజీకి ఎక్కువసేపు పట్టలేదు. పెంచిన ఒక్క శాతంలో సగం ఇళ్ల పన్ను భారం తగ్గించడానికి వాడాలని తేల్చారు. వాళ్లదీ బేరమే, వాళ్ల చేతా జనం ఇబ్బంది పడ్డారు. కానీ ఎంత, ఎవరి దగ్గర, దేనికి అన్న మూడు ముక్కల మీదే తగువంతా నడిచింది. అక్కడి గవర్నరు ఓట్లతో గెలిచినవాడు గదా, జనం ముఖం చూడక తప్పదు. మన గవర్నరు ఢిల్లీ నుంచి ఉత్తర్వు మీద వచ్చి, ఉత్తర్వు మీద వెళతారు. ఆ తేడా నేను ఒప్పుకుంటాను. మన శాసనసభ్యులు ఓట్లతోనే గెలిచారు కదా, వాళ్లకేమొచ్చిందో చెప్పండి.

గవర్నర్లకి గడువు పెట్టాలని 2025 ఏప్రిల్ 8న తమిళనాడు కేసులో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు తీర్పిచ్చారు. ఆ సంబరం నవంబరు 20 దాకా నిలిచింది. ఆ రోజున రాష్ట్రపతి ప్రశ్నలకి జవాబిస్తూ అయిదుగురి ధర్మాసనం, కోర్టులు గడువులు పెట్టడం కుదరదంది. అంటే శాలువా యథాస్థానంలో ఉంది. వచ్చే గవర్నర్లూ, వచ్చే ముఖ్యమంత్రులూ ఎవరి వేళ్లు వాళ్లు తోముకోవచ్చు. సభ ఆమోదించిన డబ్బు బిల్లుని పునరాలోచించమని తిప్పి పంపే అధికారం గవర్నరుకి లేదని 200వ అధికరణ చెబుతూనే ఉంది, కాబట్టి పన్నులకి మాత్రం ఈ గందరగోళంలో ఏ లోటూ రాదు.

టెక్కలి, పలాస, ఇచ్ఛాపురం శాసనసభ్యులకి ఒక మనవి. తీరిక చేసుకుని ఆ 207వ అధికరణ ఇంకోసారి చదవండి. మొదటి భాగం మీకు బాగా తెలుసు. పన్ను వెయ్యాలంటే గవర్నరు సిఫారసు కావాలి. దాని కిందే చిన్న మినహాయింపు ఉంది. ఏదైనా పన్నుని తగ్గించడానికో, ఎత్తెయ్యడానికో సవరణ పెట్టాలంటే ఆ సిఫారసు అక్కర్లేదు. రాజ్‌భవన్ గుమ్మం దగ్గర కాపు కాయక్కర్లేదు, ప్రసంగం తాకట్టు పెట్టక్కర్లేదు, ఢిల్లీ నుంచి లాయర్లని దించక్కర్లేదు. సభలో లేచి, కాగితం ఇచ్చి, ఇది తగ్గించండి అంటే చాలు. మా అచ్చెన్నాయుడు గారు ఇప్పుడు మంత్రి, ఆయనకి సవరణతో కూడా పనిలేదు, బిల్లే తెప్పించొచ్చు. వచ్చే బడ్జెట్ సమావేశాల్లో మీలో ఎవరు లేస్తారో పేరు ముందే చెప్పండి. ఆ రోజు టీవీ ముందు కూర్చోవడానికి మేం సిద్ధం.